మరిపిన ఎద్దు

మా దిక్కున కోడెను కాడికి అలవాటు చేయడాన్ని మరపడం అంటారు. "మీ కోడెను మరిపిండ్రా?" అని ఎవరైనా అడిగితే, దానికి దుక్కీ గుంటకా నేర్పారా అని అడిగినట్టు. ఆ నేర్పే పనికి పేరు మరుపు. తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి కాబట్టి నేను ఈ మాట దగ్గర చాలాసార్లు ఆగిపోయాను. నేర్పడమూ మరుపే, మరచిపోవడమూ మరుపే. ఒకే మాటలో ఈ రెండూ ఎలా ఇమిడాయని ఒకసారి తరగతిలో అడిగితే, వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "మీరు నేర్పినయి మేం మర్చిపోతం గద సార్, గందుకే" అంది. ఆ ఏడాది నా తరగతిలో వచ్చిన సరైన జవాబు బహుశా అదొక్కటే.

ఆ జవాబు మనుషులకు సరిపోతుంది. ఎద్దులకు సరిపోదని తరువాత తెలిసింది.

మా ఊరు మల్దకల్‌కు ఆటోలో పోయేంత దూరం. ఇంట్లో అన్న, వదిన, ఒంటివాణ్ణి నేను. అన్న వ్యవసాయం చేస్తాడు, నేను గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరుతాను. నన్ను పొలంలోకి దింపే ప్రయత్నం అన్న చాలా కాలం కిందటే మానుకున్నాడు. ఒకసారి గుంటక నా చేతికిస్తే కలుపునంతా అలాగే కాపాడి పత్తిని శుభ్రంగా పెరికేశాను. ఆ రోజునుంచి నాకు గట్టు మీద కూర్చునే ఉద్యోగం ఇచ్చారు.

నాకూ అన్నకూ పోలిక ఉన్నది ఒక్క గొంతులోనే. అతని చేతులు, అతని భుజాలు, అతని కోపం, ఏదీ నాకు రాలేదు. గొంతు మాత్రం అచ్చంగా అదే. ఫోనులో నన్ను అన్న అనుకొని వదిన తిట్టిన తిట్లు ఎన్నో నేను మర్యాదగా విన్నాను. "నేను వదినా" అని చెప్పే సందు ఇచ్చేది కాదు. చివర్లో తెలిసినా, "సరే, మీ అన్నకు జెప్పు" అని పెట్టేసేది.

ఊళ్ళో అందరికీ ట్రాక్టరు వచ్చింది, దుక్కి దానితోనే అయిపోతుంది. కానీ పత్తి మోకాలెత్తు లేచాక సాళ్ళ మధ్య కలుపు తీయాలంటే ట్రాక్టరు పోదు. గుంటక కట్టాలి, గుంటకకు ఎద్దులు కావాలి. అందుకని మా కొట్టంలో జత కోడెలు ఉండేవి. అందులో ఒకటి ఇంట్లో పుట్టింది. నల్లగా ఉండి నుదుట తెల్లమచ్చ ఉండటంతో చుక్కోడు అన్నాం. వాడు పాలు మరవకముందే తల్లి చచ్చిపోయింది. వదిన కుడితిలో, అంటే బియ్యం కడిగిన నీళ్ళలో గంజి, తవుడు కలిపిన దానిలో, తన వేళ్ళు ముంచి వాడి నోట్లో పెట్టి సాకింది. రెండోవాడు బూడిదరంగు, పెబ్బేరు సంతలో జతకోసం కొన్నది. వాడు బూడిదోడు. పేర్లు పెట్టడంలో మా ఇంటివాళ్ళకు పెద్ద ప్రతిభ లేదని ఒప్పుకుంటాను, అందులోనూ తెలుగు సారు ఉన్న ఇల్లు.

చుక్కోడి తెలివి నాకు మొదట తెలిసింది బస్సు వల్ల. సాయంత్రం నా బస్సు ఊరి మలుపులో హారను కొట్టగానే వదిన పొయ్యి మీద చాయ పెట్టి, అదే ఊపులో కుడితి తొట్టి నింపేది. కొన్నాళ్ళకు హారను వినగానే చుక్కోడు లేచి తొట్టి దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. బస్సు ఆలస్యమైతే ఇంట్లో నాకోసం పరేషాన్ అయ్యే ప్రాణి వాడొక్కడే. కొట్టం గొళ్ళెం కొమ్ముతో ఎత్తడం కూడా చూసి నేర్చుకున్నాడు. బూడిదోడు ఆ తెరిచిన తలుపులోంచి కూడా బయటికి రాలేదు. అది తెరిచి ఉందని వాడికి తెలిసేసరికి మళ్ళీ మూసేసేవాళ్ళం.

మరుపు మొదలైనప్పుడు అన్న మురిసిపోయాడు. బీడు చేలో కాడి కట్టి, వెనక మొద్దు తగిలించి నడిపిస్తే, చుక్కోడు పొద్దెక్కేలోపే పట్టేశాడు. ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో మాటతోనే తెలిసిపోయింది. బూడిదోడు మాత్రం కాడితో సహా పడుకున్నాడు. అన్న హోటల్లో చాయ తాగుతూ అందరికీ చెప్పుకున్నాడు.

"మావోడు మనిషి లెక్క. ఒక్కపారి జెప్తే సాలు."

"ఎవడు, మీ తమ్ముడా?" అని ఎవరో అడిగారట.

"వాడు గాదు, మా సుక్కోడు."

చిక్కంతా గుంటక కట్టాక వచ్చింది. సాలు చివరికి వచ్చేసరికి ఎద్దులు తిరగాలి. అన్న "హొయ్" అంటాడు, అప్పుడు తిరగాలి. కొన్ని సాళ్ళు తిరిగాక చుక్కోడికి సాలు చివర ఎలా ఉంటుందో తెలిసిపోయింది. అన్న నోరు తెరవకముందే వాడు తిరిగేవాడు. బూడిదోడికి ఏమీ తెలియదు కాబట్టి నేరుగా పోయేవాడు. ఒకడు తిరిగి, ఒకడు పోతే కాడి మెలిపడి గుంటక పక్క సాలెక్కి పత్తిమొక్కల్ని కోసేది. అందులో తప్పు ఎవరిదంటే, తెలిసినవాడిది.

"నేను జెప్పక ముందే తిరుగుతడా? మరి నేనెందుకున్న ఈడ?" అని అన్న కర్ర ఎత్తి చుక్కోడి తుంటి మీద ఒక్కటి వేసేవాడు.

నేను గట్టు మీది ఉద్యోగంలోంచే, "అన్నా, వానికి తెలిసిపోయింది. గందుకే తిరుగుతుండు" అన్నాను.

"తెలిస్తే ఆగాలె. తెల్వనోడు ఆగుతలేడా? సూడు బూడిదోన్ని."

"వాడు ఆగుతలేడన్నా. వానికి తిరగాలని తెల్వదు."

"నువ్వు నీ బడి కాడ జెప్పు పాఠం."

బడి కాడ కూడా అదే పాఠమని నేను చెప్పలేదు. మా బడిలో ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్లను "తొందరెందుకు, కూర్చో" అంటారు. ఏమీ చెప్పకుండా కూర్చున్నవాడికి క్రమశిక్షణ ఉందని మార్కులు వేస్తారు. వాళ్ళూ వీళ్ళూ చివరికి నేర్చుకునేది బడి ఉద్దేశించినది కాదు.

చుక్కోడూ అంతే. ఆ వానాకాలం వాడు చాలా నేర్చాడు. ఒకనాడు కర్ర లేవగానే తల విదిలించాడు. కొమ్ము తగల్లేదు, గాలిలో ఊగింది. అన్న అదిరిపడి వెనక్కి అడుగువేసి, "వీనికి ఇయ్యాల మనసు బాగలేదు" అని కాడి విప్పేశాడు. అంటే, తల విదిలిస్తే కాడి దిగుతుంది. ఒక్కసారి చెబితే చాలన్నది వాడి గురించే కదా, వాడికి అదీ ఒక్కసారే చెప్పాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చాక వాడు బుసకొడుతుంటే వదిన "ఆకలైతున్నదా నా కొడుకుకు" అని పరుగెత్తి కుడితి పెట్టింది. అంటే, బుసకొడితే కుడితి వస్తుంది. ఇక నేను. వాడు నావైపు తల తిప్పితే చాలు, గోడకు అంటుకుపోయి దారిచ్చేవాణ్ణి. అంటే, కొమ్ములు చూపితే మనుషులు పక్కకు పోతారు. ఒక శిష్యుడికి ముగ్గురు గురువులం. మాకు తెలియకుండా సిలబస్ మాత్రం ఒక్కటే పెట్టుకున్నాం.

బూడిదోడికి కూడా ఈ అవకాశాలన్నీ ఉన్నాయి. వాడూ అదే కొట్టంలో, అదే కాడికి అవతలి పక్కన ఉన్నాడు. కానీ వాడికి దెబ్బకూ తన తలకూ సంబంధం ఉందని తట్టలేదు. కొడితే ఒళ్ళు విదిలించి, మళ్ళీ నడిచేవాడు. ఊళ్ళో అందరూ, తెలివైన పశువుకు పొగరెక్కువ, మొద్దుది మంచిది అన్నారు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. పొగరు పుట్టుకతో వస్తుందనీ, తెలివికి తోకలా వెనకే ఉంటుందనీ. తెలివికి తోక లేదు. ముందు ఏది పెడితే అది మేస్తుంది, అంతే. మేము పెట్టినదేమిటో చెప్పాను కదా.

తల విదిలించడం పెరిగేకొద్దీ అన్న కర్ర మారింది. చివర ఇనుప ముల్లు బిగించిన ముల్లుగర్ర వచ్చింది. ముక్కుతాడు బిగిసింది. ఇద్దరూ ఒకరినుంచి ఒకరు నేర్చుకుంటూ పోయారు. నిజానికి ఆ ఇద్దరిలో అన్న కొంచెం వెనకబడ్డాడు.

ఒకనాడు పొద్దున అన్న చేతిలో కర్ర లేదు. కొట్టం చూరులో గుచ్చిన కొడవలి తీసుకోవడానికి చెయ్యి పైకెత్తాడు. అంతే. చుక్కోడికి కర్ర కనబడనక్కరలేదు, లేచిన చెయ్యి చాలు. కొమ్ము అన్న తొడలో దిగింది.

నా వృత్తిలో కొమ్ము అంటే వేరు. క పక్కన కొమ్ము పెడితే కు, కొమ్ముదీర్ఘం పెడితే కూ. ఎందరో పిల్లలకు ఏళ్ళ తరబడి కొమ్ములు పెట్టించినవాణ్ణి, అన్న తొడనుంచి కారుతున్న నెత్తురును నా తువ్వాలతో అదిమిపట్టుకున్నప్పుడు నాకు అ ఆలు కూడా గుర్తు రాలేదు. ఆటోలో గద్వాల దవాఖానకు పోయేదాకా అన్న ఒక్కటే మాట అన్నాడు. "ఇయ్యాల నేను ఏం జెయ్యలే తమ్మీ. కొడవలి తీసిన, గంతే." అది నిజం. ఆ రోజు అన్న ఏమీ చేయలేదు.

కుట్లు వేయించుకొని వచ్చి మంచం మీద పడుకున్న అన్న, "లారీ ఎక్కిస్త" అన్నాడు. మా దగ్గర పశువును లారీ ఎక్కించడమంటే ఎక్కడికో అందరికీ తెలుసు, ఎవరూ ఆ చోటు పేరెత్తరు. ఆ లారీలోంచి దిగి పొలం దున్నిన ఎద్దు లేదు.

వదిన గడపలో కూర్చుంది.

"మనిషిని పొడిచినోన్ని ఇంట్ల వెట్టుకుంటమా?" అన్నాడు అన్న.

"అది ఒక్కపారి పొడిచింది. నువ్వు ముల్లుగర్ర వట్టుకొని దినాం పొడిస్తివి. అది నిన్ను ఏ లారీ ఎక్కియ్యాలె?"

"దానికీ నాకూ సమానమా?"

"సమానమైతే నీకు అన్నం వెడ్తనా? దానికి వెట్టినట్టు కుడితే వెడ్తుంటి."

నవ్వొచ్చే మాటే. ముగ్గురిలో ఎవరమూ నవ్వలేదు. వదిన ఏడవకుండా ఒక్కటే అడిగింది. వాణ్ణి ఉంచుకోమని అనలేదు, అన్న కుంటుతూ ఆ కొట్టంలోకి మళ్ళీ ఎలా పోతాడు. లారీ మాత్రం ఎక్కించొద్దంది. "కాడి కట్టుకునేటోనికి ఇయ్యి. యాడైనా సరే, బతికుండాలె. నా ఏళ్ళు సీకి పెరిగింది అది." తన వేళ్ళు చూపించింది. అన్న గోడవైపు తిరిగాడు. మా ఇంట్లో సరే అనడం అలాగే ఉంటుంది.

కాలు కాస్త కుదిరాక చుక్కోణ్ణి పెబ్బేరు సంతకు తీసుకుపోయాం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు ట్రాలీలో వాడు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. వంతెనను కూడా నేర్చుకుంటున్నాడేమో అనిపించింది.

సంతలో ఎద్దును కొనేవాళ్ళు ముందు పళ్ళు చూస్తారు, తరువాత సుళ్ళు చూస్తారు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోటును సుడి అంటారు. అది ఎక్కడుందో చూసి పశువు గుణమూ, కొన్నవాడి అదృష్టమూ చెప్పేస్తారు. మా చుక్కోడి వీపు మీది సుడి చాలా మంచిదట. చూసినవాడల్లా మెచ్చుకున్నాడు. వాడి ఒంట్లో మేము రాసిన రాత ఎవరికీ కనబడలేదు, వాళ్ళు పుట్టుకతో వచ్చినదాన్నే చదువుతున్నారు.

పొడిచే ఎద్దును అమ్మేవాడు కుంటుతూ నిలబడితే బాగుండదు. అందుకని అన్న ట్రాలీ అంచు మీద కూర్చొనే బేరం చేశాడు. లింగాల దిక్కునుంచి వచ్చిన ఒకాయన చాలాసేపు సుడి చూసి, చివరికి, "పొడిచే అలవాటు గిట్ల ఉన్నదా?" అని అడిగాడు.

"సిన్న పిల్లలు గూడ పట్టొచ్చు" అన్నాడు అన్న.

"నీ కాలికేమైంది మరి?"

"బండి మీదికెల్లి పడ్డ."

మా దిక్కు బండి అంటే మోటారుసైకిలూ బండే, ఎద్దులబండీ బండే. ఏ బండో ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. బేరం కుదిరాక ఆయన తన ఊరి పేరు చెప్పి, నీళ్ళ ట్యాంకు పక్కనే ఇల్లు అని చెప్పి, చుక్కోణ్ణి తోలుకుపోయాడు. వాడు వెనక్కి తిరిగి చూశాడని వదినకు చెప్పాను. చూడలేదు. వాడి ముందు ఎవరో గడ్డిమోపు మోసుకుపోతున్నారు, దాని వెంట చక్కగా పోయాడు.

ఆ తరువాత వదిన నెలల తరబడి ఒకే ప్రశ్న వేసింది. "కాడికే కొన్నడా, లారీకి ఎక్కిచ్చిండా?" నాకు తెలియదు. మరుసటి వానాకాలం మా బడిలో పనిచేసే ఒక సారు అచ్చంపేటలో ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి పిలిచాడు. వదిన ఆ మాట వినగానే బెల్లం ముక్క కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది.

"ఆడికెల్లి లింగాల దగ్గరేనంట గద. సూసి రా. ఫోటో దీసుకొని రా. ఫోటో లేకుంటె నమ్మ, నువ్వు కథలు జెప్పెటోనివి."

అలా నేను భోజనం మధ్యలో లేచి, అచ్చంపేటనుంచి ఆటో ఎక్కి లింగాల, అక్కణ్ణుంచి ఆ ఊరు చేరాను. నీళ్ళ ట్యాంకు దూరంనుంచే కనబడింది. దాని కింద ఏమి కనబడుతుందోనని కాళ్ళు నెమ్మదించాయి.

చుక్కోడు ఉన్నాడు. వేపచెట్టు కింద కట్టేసి ఉన్నాడు, ఒళ్ళు నిగనిగలాడుతోంది. వాడి వీపు మీద, ఆ మంచి సుడికి కాస్త ఇవతల, ఒక కోడి ఎక్కి కూర్చొని ఈకలు దువ్వుకుంటోంది. మా ఇంట్లో ఎవరమూ చెయ్యి వెయ్యడానికి జంకిన వీపు అది.

ఇంటాయన నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. నేను దూరంగానే కూర్చున్నాను. ఆయన నోరు చాలా పెద్దది. ఎద్దును, మేకను, భార్యను, వానను, ప్రభుత్వాన్ని ఒకే రకం బూతులతో పిలుస్తాడు, అందులో కోపం లేదు. చాయ ఇస్తున్నప్పుడు చూశాను, కుడిచేయి ఛాతీ దాటి పైకి రావడం లేదు.

"సింతచెట్టు మీదికెల్లి పడ్డ సారూ. గీడికే లేస్తది" అని చూపించాడు. "కర్ర వట్టరాదు, దెబ్బ కొట్టరాదు. తిట్లు దప్ప నా తాన ఏం లేవు. గందుకే నాకు మంచి ఎద్దు దొరకాలె అనుకున్న. దొరికింది. మీ అన్న అబద్ధమాడలే."

నేను చాయ తాగుతున్నట్టు నటించాను.

"అసలు వీనికి జెప్పే పనే లేదు. సాలు కాడికి పోంగనే వాడే తిరుగుతడు. నేను బీడీ తాగుకుంట ఎనక పోత" అని మురిసిపోతూ ఇంకో బూతు తగిలించాడు.

చెప్పకముందే తిరుగుతాడు. అదే తెలివి. మా చేలో దానికి కర్ర, ఇక్కడ బీడీ. ఈయన చాలా మంచివాడనీ, పశువుల మనసు తెలిసినవాడనీ అనుకొని ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. కానీ ఈయనకు చెయ్యి లేవదు. అంతే తేడా. ఆ చింతచెట్టు కొమ్మ విరగకపోతే ఏమయ్యేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

సంతోషమే, లోపల చేదుగా దిగింది. వదిన కోరినది కళ్ళెదుట బతికి ఉంది. ఫోటో తీసుకొని పోవడమే మిగిలింది. లేచి నాలుగడుగులు వేసి, ఫోను చేతికి తీసుకొని, "ఏం సుక్కా" అన్నాను.

అన్న గొంతు. నాది కాదు, వాడికి అది అన్న గొంతే. చెవులు నిలబడ్డాయి. ఒంటి మీది చర్మం ఒక్కసారి వణికింది. కోడి అరుస్తూ ఎగిరిపోయింది. అప్పుడైనా ఆగవలసింది. ఫోటోలో మొత్తం పడాలని నేను ఫోను పట్టుకున్న చేతిని పైకెత్తాను.

తాడు పొట్టిది కావడంతో బతికాను. కొమ్ములు నా చొక్కా గుండీల దాకా వచ్చి ఆగాయి. నేను వెనక్కి పేడలో కూలబడ్డాను. చుక్కోడు తాడు తెగేలా గుంజుతున్నాడు. ఆ బుస నాకు బాగా తెలిసినదే. కుడితికోసం కొట్టే బుస మాత్రం కాదు అది.

ఇంటాయన నోట్లో మొదటిసారి బూతు లేదు. మెల్లగా అడిగాడు.

"పొడుస్తదా ఇది?"

నేను పేడలో పడ్డ ఫోను తుడుచుకుంటున్నాను.

"సారూ, నిన్నే. మీ అన్న ఆనాడు సిన్న పిల్లలు గూడ పట్టొచ్చన్నడు. నా తాన సిన్న పిల్లలు ఉన్నరు. తోక వట్టుకొని ఊగుతరు. పొడిచే ఎద్దయితే జెప్పు. శనివారం సంతల లారీ ఉంటది."

లోపలినుంచి ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. లారీ అన్న మాటకు ఇక్కడా అదే అర్థం. నేను వాణ్ణి చూసి రావడానికి వచ్చి, వాణ్ణి ఎక్కించడానికి వచ్చినవాణ్ణి అయ్యాను. పొడుస్తుందంటే లారీ. పొడవదంటే ఆయన ఇప్పుడే చూశాడు. చిన్నప్పటినుంచి పొడుపుకథలు చెప్పిస్తున్నాను గానీ, విప్పకపోతే ప్రాణం పోయే పొడుపు నాకు ఎప్పుడూ రాలేదు.

"నన్నే పొడుస్తది" అన్నాను. "వేరే ఎవ్వర్నీ పొడువదు. నేను కొట్టిన దాన్ని."

"నువ్వా?"

"ముల్లుగర్రతోని. దినాం కొట్టిన. గందుకే నా గొంతు వింటే అట్లయితది."

నా జీవితంలో నేను ఒక ఈగను కూడా సరిగ్గా కొట్టలేదు. గురి కుదరదు. కానీ ఆ మాట అంటుంటే గొంతు తడబడలేదు, ఎందుకంటే ఆ గొంతుకు సంబంధించినంతవరకు అది నిజమే.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, వెనక పేడ.

"సదువు జెప్తవంటివి గద."

"ఆ."

"పోరగాండ్లను గూడ గిట్లనే గొడ్తవా?"

నేను నేలచూపు చూశాను. ఆయన నమ్మాడు. మనుషులు నా మంచితనాన్ని ఇంత తొందరగా ఎప్పుడూ నమ్మలేదు. ఆయన పోయి చుక్కోడి పక్కన నిలబడి, ఛాతీ దాకా లేచే ఆ చేతితో గంగడోలు నిమిరాడు. పాత బూతులన్నీ వరసగా, మెల్లగా తిట్టాడు. వాడు నన్ను చూడటం మానలేదు గానీ తాడు సడలింది. కాసేపటికి మళ్ళీ పిల్లలు తోక పట్టుకొని ఊగే ఎద్దు అయ్యాడు.

ఆయన భార్య నీళ్ళ చెంబు తెచ్చి నాకు ఇవ్వకుండా అరుగు మీద పెట్టింది. "కడుక్కొని పో సారూ. మల్ల రాకు. నువ్వు రాకుంటె అది మంచిగుంటది."

"లారీ…" అన్నాను.

"నిన్ను ఎక్కియ్యాలె లారీ. దాన్నెందుకెక్కిస్తం?"

కడుక్కున్నాను. బెల్లం ముక్క ఆమెకే ఇచ్చి, వాడికి పెట్టమన్నాను. అది ఎవరు పంపారో చెప్పలేదు. కొట్టినవాడు బెల్లం పంపాడనుకుంటే అనుకోనీ, ఆ మాత్రం మంచిపేరు మిగిలినా చాలు. నాగర్‌కర్నూలుకు బస్సు దొరికింది. దారంతా పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు.

ఇల్లు చేరేసరికి వదిన గడపలోనే ఉంది.

"ఉన్నడా?"

"ఉన్నడు వదినా. కాడికే కట్టుకున్నరు. ఒళ్ళు మెరుస్తుంది. వీపు మీద కోడి కూసుంటది."

"కోడా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. "గుర్తువట్టిండా నిన్ను?"

"పట్టిండు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను అబద్ధం చెప్పలేదు.

"ఫోటో?"

ఫోను ఇచ్చాను. అందులో సగం ఆకాశం, సగం వేపకొమ్మ, మూలన మసక మసకగా ఒక కొమ్ము మొన. ఆమె దాన్ని చాలాసేపు పెద్దది చేసి చూసింది. "కదిలిండు" అన్నాను. "ఉరికొచ్చిండేమో నిన్ను జూసి" అంది. "ఆ, ఉరికొచ్చిండు" అన్నాను.

అన్న మంచం మీద కాలు చాపుకొని ఇదంతా వింటున్నాడు. ఆ కాలు వానాకాలంలో ఇంకా లాగుతుంది. అడగడేమోననుకున్నాను. అడిగాడు.

"మంచిగ దున్నుతుందంటనా?"

"మంచిగ దున్నుతుందంట. చెప్పే పనే లేదంట. సాలు కాడ వాడే తిరుగుతడంట."

అన్న ముఖం విచ్చుకుంది. తొడ మీద, ఆ కుట్ల పక్కనే, చేత్తో చరుచుకున్నాడు.

"తిరుగడా మరి? ఎవ్వడు మరిపిండనుకున్నవు?"

వదిన ఫోను నా చేతిలో పెట్టి కొట్టంలోకి పోయింది. బూడిదోడికి కుడితి పెట్టే వేళ దాటిపోయింది. వాడు బుసకొట్టలేదు. తొట్టి ఎప్పుడు నిండుతుందో వాడికి ఇంకా తెలియదు.